చేతిలో ఉన్నది

"గ్యాలరీలో నోరు విప్పితే బయటికి పంపించేస్తాను," అన్నాడు శాసనసభ కాపలాదారు. అందరికీ చెప్పే మాటే. కానీ చెబుతున్నంతసేపూ వదిన వంకే చూశాడు.

చూడడా మరి. పొద్దున గేటు దగ్గర బోర్డు మీద అతను వేసిన సందర్శకుల మొత్తం ఒకటి తక్కువుందని, నలుగురి ముందూ నిలబెట్టి దిద్దించింది. వదిన అంతే. తప్పు కూడిక కంటపడితే ఆవిడకి ముద్ద దిగదు. సొంత పెళ్లిలో తలవంచుకుని కూర్చోవలసిన మనిషి, కుర్చీలవాడి లెక్క తప్పని తలెత్తి చెప్పింది. ఆవిడ మొగుడు అప్పుడే భయపడ్డానంటాడు.

ఆవిడ లెక్కల టీచరు. ఆవిడ మరిది అదే బళ్లో సైన్సు మాస్టారు. వదిన క్లాసులో ఒక చట్టం ఉంది. తొమ్మిదీ నాలుగూ పదమూడు, మూడు వేసి చేతిలో ఒకటి అంటే, నిజంగానే ఒక వేలు పైకి లేవాలి. చేతిలో ఉన్నది కలిపేదాకా ఆ వేలు ముడవకూడదు. పక్క గదిలోంచి చూసే మరిదికి మాత్రం క్లాసు క్లాసంతా ఒంటికి వెళ్తామని అడుగుతున్నట్టే ఉంటుంది.

ఇవాళ మరిదికి వేళాకోళాలు రావడం లేదు. సభలో ఉన్నది వాళ్ల బిల్లు. ప్రతి బడిలో లెక్కలూ సైన్సూ తప్పనిసరి, ప్రతి బడికీ ఒక ప్రయోగశాల. ఓడితే వచ్చే ఏడాది నుంచి ఆ రెండూ ఇష్టమున్నవాళ్లే చదువుకుంటారు. ఇష్టమున్నవాళ్లు ఎందరో మరిదికి బాగా తెలుసు. అతని బళ్లో ప్రయోగశాల అంటే, బీరువాలో తాళం వేసి ఉన్న ఒకే ఒక్క గాజు గొట్టం. పగిలితే మళ్లీ ఇవ్వరని పిల్లలకి అద్దంలోంచే చూపిస్తాడు. దాని కింద మంట పెట్టి చూడాలని అతనికి ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆశ.

ఏడాదిగా వదినా మరిదీ సభ్యుల ఇళ్ల చుట్టూ తిరిగారు. ఎక్కే గడప, దిగే గడప. "యంత్రాలుండగా మనిషికి లెక్కలెందుకమ్మా?" అన్నాడొకాయన. "నాకెప్పుడూ సున్నాలే వచ్చేవి. ఇంతవాణ్ని కాలేదా?" అన్నాడు ఇంకొకాయన. మూడో ఆయన మాత్రం అంతా ఓపిగ్గా విన్నాడు. విని, "ఇంతకీ మీకు బదిలీ ఏ ఊరికి కావాలి?" అని అడిగాడు.

ఆ యంత్రమే ఇవాళ మొండికేసింది. ఓట్లు లెక్కపెట్టే యంత్రం. సభ్యులు బొత్తాలు నొక్కి నొక్కి అలిసిపోయారు. ఫోన్లలో కూడుకుందామంటే, వాటిని గుమ్మంలోనే తీసేసుకుంటారు.

"చేతులెత్తండి," అన్నారు అధ్యక్షులవారు.

గుమాస్తా నాలుగు వరసల్లోనూ తిరిగి ఎత్తిన చేతులు లెక్కపెట్టాడు. "అనుకూలం. పద్నాలుగు, ఇరవై, పదకొండు, పదమూడు."

అధ్యక్షులవారు కళ్లజోడు సర్దుకుని, ఒకదాని కింద ఒకటి వేసుకున్నారు. "యాభై ఎనిమిది."

వదిన తలూపింది.

"వ్యతిరేకం. ఇరవై ఒకటి, తొమ్మిది, పన్నెండు, పంతొమ్మిది."

మరిది చెవికి అంకెలేవీ ఎక్కలేదు. కళ్లు గట్టిగా మూసుకుని గాజు గొట్టాన్ని తలుచుకున్నాడు. దేవుణ్ని తలుచుకోవలసిన చోట అదే గుర్తొచ్చింది. కింద అధ్యక్షులవారి కలం కాసేపు ఆగి, మళ్లీ కదిలింది.

"నలభై ఒకటి," అన్నారు గొంతు సవరించుకుని. "బిల్లు నెగ్గింది."

బల్లలు మోగాయి. సున్నాల ఆయన లేచి, ఓటమిని హుందాగా ఒప్పుకుంటున్నానన్నాడు. మరిది కళ్లు తెరిచేసరికి వదిన సగం లేచి నిలబడి ఉంది. నోరు తెరిచి ఉంది. రెండు వేళ్లు పైకి లేచి ఉన్నాయి.

కాపలాదారు ఒక్క అంగలో వచ్చాడు. "ఏమ్మా, రెంటికా? కుడివైపు చివర."

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. వదిన నవ్వలేదు.

"ఏదైనా చెప్పాలా?" అన్నాడు కాపలాదారు, ఈసారి అనుమానంగా.

వదిన మరిది వంక చూసింది. పెళ్లయినప్పట్నుంచీ ఎరిగిన మనిషి, ఏనాడూ కంట తడి పెట్టనివాడు, చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఏం లేదు బాబూ," అని కూర్చుంది.

"వదినా, అయితే మనకి ప్రయోగశాల వచ్చినట్టేనా?"

"వచ్చినట్టే." గొంతు ఎందుకో బొంగురుపోయింది. సంతోషం అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు మరిది.

వరండాలో ఫొటోలవాళ్లు చుట్టుముట్టారు. "టీచర్ గారూ, ఆ విజయం గుర్తు అలాగే ఉంచండి. చెయ్యి ఇంకాస్త పైకి." మరిదీ పక్కన నిలబడి, తనూ రెండు వేళ్లెత్తి పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. వదిన మాత్రం ఫొటోలో ఎవరో చెవి మెలేసినట్టు పడింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. మరిది ప్రయోగశాలకి స్పిరిట్ దీపాలు ఎన్ని కొనాలో, గాజు సామాను ఎక్కడ పెట్టాలో చెప్పుకుంటూ పోతున్నాడు. కండక్టరు ఇచ్చిన చిల్లర వదిన చూసుకోను కూడా లేదు. కొంగు కింద ఆవిడ రెండు వేళ్లూ ఇంకా నిటారుగానే ఉన్నాయి.

"ఇక దించు వదినా. ఊరంతా చూసింది," అన్నాడు మరిది నవ్వుతూ.

"ఎలా దించనబ్బాయ్," అంది వదిన గొంతు బాగా తగ్గించి, "వ్యతిరేకం కూడేటప్పుడు అధ్యక్షులవారు చేతిలో రెండు కలపలేదుగా."