నీలం కార్డు

"మా నాన్న దగ్గర ఎవరండీ ఆయన?"

రోజూ పొద్దున ఆఫీసుకి వెళ్తూ వచ్చే కొడుకు, ఆ రోజు సాయంత్రం వచ్చాడు. వార్డులో అడుగు పెడుతూనే నర్సుని అడిగాడు.

మంచం పక్కన స్టూలు మీద ఒక పెద్దమనిషి. మాట పడిపోయిన తండ్రికి పేపరులో వార్తలన్నీ, చివరికి వాతావరణంతో సహా, చదివి వినిపిస్తున్నాడు. వార్డులో అందరూ ఆయన్ని పేపరాయన అంటారట. రోజూ వస్తాడట.

మధ్యలో చెంచాతో నీళ్ళు పట్టాడు. తండ్రి బుద్ధిగా తాగాడు.

కొడుక్కి ఒళ్ళు మండింది. ముక్కూ మొహం తెలియని మనిషికి ఇక్కడేం పని? ఊరికే వస్తాడా ఎవడైనా?

ఆయన మెడలో చూస్తే తెల్ల కార్డు. విజిటర్.

"విజిటర్‌కి పది నిమిషాలేగా? అటెండెంటుని నేనున్నాను," అంటూ జేబులోంచి నీలం కార్డు తీశాడు.

తండ్రిని చేర్చిన రోజు నుంచీ అది జేబులోనే ఉంది. నీలం కార్డుకి క్యూ ఉండదు. ఇలా వచ్చి, అలా చూసి పోవచ్చు. అతనికి దానితో ఉన్న పని అంతే.

నర్సు ఏదో చెప్పబోయింది. అతను వినిపించుకోలేదు. ఆ మనిషిని మళ్ళీ లోపలికి రానివ్వద్దని గేటు దగ్గర రాసిచ్చి మరీ వెళ్ళాడు.

పేపరాయన పేపరు మడిచి దిండు పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు తండ్రి పోయాడు.

కొడుక్కి ఏడుపు రాలేదు. చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి, నీలం కార్డు నర్సు బల్ల మీద పెట్టాడు. అది ఇంకా కొత్తదిలాగే ఉంది.

దిండు పక్కన ఆ పేపరు అలాగే ఉంది.

"ఈ నాలుగు రోజులూ నీళ్ళు కూడా సరిగ్గా తాగలేదండీ," అంది నర్సు. "సాయంత్రమైతే తలుపు వంకే చూసేవారు."

పొద్దున వచ్చే కొడుకు తలుపు వంక చూశాడు.

"విజిటరంటే చూసి వెళ్ళేవాళ్ళు, అటెండెంటంటే చూసుకునేవాళ్ళు. చేర్చిన రోజే చెప్పాను మీకు."

ఆమె గొంతులో కోపం కూడా లేదు. కార్డు మీద పేరు కొట్టేసి డ్రాయరులో వేసింది.

ఇంతకీ ఆయనెవరని అడిగాడు కొడుకు.

"పక్క మంచం ఆవిడ భర్త. ఆవిడ పోయి నెలైంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నీలం కార్డు జేబులో పెట్టుకుని, ఆయనా మీలాగే ఇలా వచ్చి అలా వెళ్ళిపోయేవారు."