టెంకాయ లేచిన చోటు

కింద ఉన్నది గ్రానైటు రాయి అయితే, నీళ్లు దాని పగుళ్లలోనే ఉంటే, ఆ పగులు ఎక్కడుందో నా అరచేతిలోని టెంకాయకు ఎలా తెలుస్తుంది? తొమ్మిదో తరగతి చంద్రిక నిన్న భూగోళం పాఠంలో సారును ఈ మాట అడగలేకపోయింది. ఇప్పుడు చేనులో చెప్పులు లేకుండా నడుస్తోంది. అరచేతిలో అడ్డంగా పెట్టిన టెంకాయ లేచి నిలబడిన చోట నీళ్లుంటాయని నమ్మకం. అక్కడే నాయన తిమ్మన్న బోరు వేయిస్తాడు.

"నిదానంగా నడువు పాపా. ఈసారీ నీళ్లు పడకపోతే అందరం బెంగళూరుకు కూలికి పోవాల్సిందే."

"నా బడి?"

"బడి సంగతి తర్వాత. టెంకాయ చూడు."

బోరు లారీ డ్రైవరు నవ్వాడు. "ఓ పాజిటివ్ రక్తమున్నోళ్ల చేతిలోనే లేస్తాదంట. పాపది అదేనా అన్నా?"

"అందుకే కదప్పా దాని చేతిలో పెట్టింది."

బెంగళూరు తలపుకే చంద్రిక వేళ్లు వణుకుతున్నాయి. టెంకాయ మెల్లగా లేచి నిలబడింది.

"ఈడే ఉండాది," అన్నాడు తిమ్మన్న. డ్రైవరు లారీ వైపు కదిలాడు.

పోయినసారి కూడా ఇలాగే లేచింది. తవ్వితే దుమ్మే వచ్చింది. ఆ రోజు కూడా తన చేయి ఇలాగే వణికింది.

"నాయనా, ఇది నీళ్లకు కాదు. నాకు భయమైనప్పుడు లేస్తాండాది."

తిమ్మన్న ఆమె ముఖంలోకి చూశాడు. "పట్టుకో, ఇంగోసారి చూద్దాం."

చంద్రిక టెంకాయను నేలమీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.