డీఎన్‌ఏ వెయ్యని గుంట

ల్యాబ్‌లో నేనొక్కదాన్నే మిగిలాను. ఫ్రిజ్ రొద తప్ప మరో చప్పుడు లేదు. నిన్న ప్లాస్టిక్ ప్లేటు గుంటల్లో పెరుగుతున్న కణాలకు, వాటిని ఆకుపచ్చగా మెరిపించే డీఎన్‌ఏ ఎక్కించాను. దాన్ని కణాల్లోకి మోసుకెళ్ళే మందును అన్ని గుంటల్లోనూ వేశాను. చివరి గుంటలో మాత్రం మందే వేశాను, డీఎన్‌ఏ వెయ్యలేదు. మైక్రోస్కోపు కింద మిగతావన్నీ ఆకుపచ్చగా మెరవాలి, అదొక్కటీ చీకటిగా ఉండాలి.

మెరిసింది అదొక్కటే.

సీనియర్ అక్కకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

"చెయ్యి తడబడి తారుమారు చేసుంటావులే, నిద్రమొహమా!" అని నవ్వింది.

"లేదక్కా. పైగా అది ఆరిపోతూ వెలుగుతూ ఉంది."

"కణాలు ఎక్కడైనా మిణుకుమిణుకుమంటాయా? మైక్రోస్కోపు ల్యాంపు పాడై ఉంటుంది."

అనుమానమొచ్చి మణికట్టు పట్టుకున్నాను. నాడి కొట్టినప్పుడల్లా గుంట వెలుగుతోంది. నాడి వేగం పెరిగింది. దాని వేగమూ పెరిగింది.

"అక్కా, అది నా గుండెతో పాటే కొట్టుకుంటోంది."

అక్క ఈసారి నవ్వలేదు.

"దాన్లో బ్లీచ్ పోసెయ్. పోసేసి బయటికొచ్చెయ్."

పిపెట్‌తో ఒక చుక్క బ్లీచ్ వేశాను. గుంటలో ఒక అంచు నల్లబడింది. నా ఎడమ చెయ్యి మొద్దుబారి బల్ల మీదికి వాలిపోయింది.

"పోశావా? మొత్తం పోసెయ్!"

కుడిచేతిలో పిపెట్ కొసన, సరిగ్గా గుంట మీద, రెండో చుక్క ఊరుతోంది.