పెట్రోలు మూత

భర్త పోయిన నెలకు ఆమె గడ్డి కోసే మిషన్‌ను మెకానిక్ దగ్గరికి తోసుకెళ్ళింది. "స్టార్టవుతుంది బాబూ, పది నిమిషాలకే ఆగిపోతుంది. ఆయన ఉన్నప్పుడూ ఇంతే."

మెకానిక్ ప్లగ్గు తుడిచాడు, కార్బురేటర్ కడిగాడు. చివరికి పెట్రోలు ట్యాంకు మూత విప్పి చూశాడు. "గాలి వెళ్ళే కన్నాన్ని ఎవరో మైనంతో మూశారమ్మా. గాలి అందకపోతే పెట్రోలు దిగదు."

"ఆ మూత ఆయన తప్ప ఎవరూ ముట్టుకోలేదే. ఆయనకు ఇంజన్లు కొట్టినపిండి."

"మరి ఆగినప్పుడల్లా ఏం చేసేవారు?"

"ఇంజను చల్లారాలంటూ వంటింట్లోకొచ్చి నా పక్కన కూర్చునేవారు." ఆమె ఆ మూత వైపు చూసింది. "పనికి అడ్డమని కసిరేదాన్ని."

మెకానిక్ సూదితో మైనం తీసి, మూత బిగించి, స్టార్టు తాడు లాగాడు. ఆమె మిషన్ పక్కనే నిలబడింది. పది నిమిషాలు దాటాయి. ఇంజను ఆగలేదు.