కన్నవాళ్ళే తొడగాలి

“మట్టిగాజులు పిల్లల్ని కన్నవాళ్ళే తొడగాలి. మీరు కాస్త పక్కకి జరగండి వదినగారూ!” సాహితి సీమంతంలో ఆమె అత్తగారు సుబ్బాయమ్మ తీర్పు చెప్పేసింది.

పురిట్లోనే తల్లి పోయిన సాహితిని పెంచిన పిన్ని, పిల్లల్లేని నాగజ్యోతి, తన సొంతింట్లోనే గుమ్మం పక్కకి వెళ్ళి నిలబడింది.

ముగ్గుర్ని కన్న హోదాతో సుబ్బాయమ్మ కోడలి చేతికి గాజు తోసింది. సాహితి కెవ్వుమంది.

“ఎడమచెయ్యి, మెల్లిగానండి! ఎనిమిదో ఏట విరిగింది,” అంది నాగజ్యోతి.

“మాకేం తెలుసు?”

“మీకెలా తెలుస్తుందిలెండి అత్తయ్యా, నన్ను కన్నావిడకే తెలీదు.” సాహితి చెయ్యి వెనక్కి లాక్కుంది. “కన్నవాళ్ళే తొడగాలంటే, మా అమ్మ అదిగో, గోడమీద ఫొటోలో ఉంది. గట్టిగా పిలవండి.”

తెనాలిలో అరిస్తే రేపల్లెలో వినపడే గొంతు సుబ్బాయమ్మది. ఆవిడ గాజుల పళ్ళాన్ని చప్పుడు కాకుండా గుమ్మం వైపు జరిపింది.