ఏరు మోసుకుపోయినవి

రోడ్డు కింది మోరీ నోట్లోంచి లాగిన మొదటి మూట మనిషి కాదు. రెండోదీ కాదు.

"అంతా ప్లాస్టిక్కే సార్," అన్నాడు నీళ్లలో ఉన్న ఫైర్‌మన్. "బండ మాదిరి పేరుకోనుండాది."

రోడ్డు మీద తాడు పట్టుకుని నిలబడిన రాజేంద్ర వాళ్లలో పెద్దవాడు. "నీళ్లకు దోవ లేకనే రోడ్డెక్కినాయి. మోకాలి లోతే అనుకోని బండి దించినాడు, పాపం."

బండి దించింది తిప్పేష్. ముందురోజు పొద్దున పాలక్యాన్లు కట్టుకుని నల్లమాడకు బయలుదేరాడు. బండి దొరికింది. అతను దొరకలేదు. గట్టు మీద అతని తల్లి గంగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆమెకు ఏడ్చే ఓపిక కూడా అయిపోయింది.

ఫైర్‌వాళ్లతో పాటు ఇంకొకాయన నడుములోతు నీళ్లలో దిగి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, పేరు నల్లప్ప. మూటల్లోని గాజుపెంకులు కోసి అతని చేతులు రక్తం కారుతున్నాయి.

"పైకి రా పెద్దాయనా. మేం తీస్తాం," అన్నాడు రాజేంద్ర.

"నేనే తియ్యాల," అన్నాడు నల్లప్ప తలెత్తకుండా.

రాజేంద్ర తనవాళ్లకు సైగ చేశాడు. "వదిలేయండప్పా. కన్నోళ్ల బాధ మనకేం తెలుస్తాది."

కాసేపటికి రాజేంద్రే మళ్లీ అన్నాడు, "ఈ ఊర్లో నూరిండ్లు లేవు. ఇంత చెత్త యాడనుంచి వచ్చింది?"

నల్లప్ప ఇంకో మూట లాగాడు. అతనికి తెలుసు. పట్నంలో కల్యాణ మండపాల వెనక పోగయ్యే విస్తర్లు, గ్లాసులు, నీళ్ల సీసాలు అతని ట్రాక్టరులోనే వచ్చాయి. చెత్త వెయ్యాల్సిన చోటు దూరం, ఈ వంకవాగు దగ్గర. తెల్లారేలోపు వచ్చి తొట్టి ఎత్తి పోసి వెళ్లేవాడు. ఏళ్లతరబడి ఎండిపోయిన వంక, ఎవరూ ఏమీ అనలేదు. ఎప్పుడో ఒక గట్టి వాన పడితే అంతా కొట్టుకుపోయేది. ఎక్కడికి పోతుందో అతను ఎన్నడూ ఆలోచించలేదు. ఈసారి మాత్రం కొంత కొట్టుకుపోయి, మిగతాది మోరీకి అడ్డం పడింది.

చీకటి పడే వేళకు అతను గంగక్క ముందు నిలబడ్డాడు.

"ఏటి వెంబడి పోతా. దొరికేదాకా వెతుకుతా. దినామూ ఫోన్ చేస్తా."

ఆమె అతని చేతులు చూసింది. "రగతం కారతాండాది. గుడ్డ కట్టుకో," అంది.

వంక చిత్రావతి ఏటిలో కలిసే దాకా నల్లప్ప నడిచాడు. అక్కడి నుంచి ఏటిగట్టు వెంట, దారి లేని చోట బస్సెక్కి, మళ్లీ దిగి నడిచాడు. తుమ్మచెట్ల కొమ్మలన్నిటికీ కవర్లు వేలాడుతున్నాయి. వాటిలో బట్ట మాదిరి కనిపించిన ప్రతిదాని దగ్గరికీ వెళ్లి చూశాడు.

ఏటికి అడ్డంగా కట్టిన రిజర్వాయరు గేట్ల దగ్గర పనిచేసే దాసప్ప తల అడ్డంగా ఊపాడు. "అన్ని గేట్లూ ఎత్తినామన్నా. వచ్చింది వచ్చినట్టు పెన్నలోకి పోయింది. ఆడనుంచి సముద్రమే. అయినా మనిషి అంత దూరం పోడులే. ఈ కంపల్లోనే యాడో తగులుకోనుంటాడు."

"పోతే?" అన్నాడు నల్లప్ప.

సాయంత్రాలు ఫోనులో ఎప్పుడూ అవే మాటలు.

"దొరికినాడా?"

"లేదు."

"తిన్యావా?"

"తిన్యా."

రెండో జవాబు అబద్ధం.

నెల్లూరు దాటి, పెన్న సముద్రంలో కలిసే చోటికి చేరేసరికి అతని ఫోను చచ్చిపోయింది. జాలర్ల వాడలో లక్ష్మీదేవి అనే ఆమె దాన్ని తీసుకుని తన ఇంట్లో చార్జింగు పెట్టింది. ఒడ్డున ఆమె వల పరిచి ఉంది. అందులో చేపలకన్నా సీసాలే ఎక్కువ.

"శవమేదీ ఒడ్డుకు రాలేదయ్యా," అందామె. "వస్తే మాకు తెలవకుండా ఉండదు. వరద వచ్చినప్పుడల్లా ఈ దరిద్రమే వస్తా ఉంటది. సముద్రంలో మేమే పారేస్తన్నామని అందరూ మమ్మల్నే తిడతారు. ఇది చూడు, ఎక్కడిదో."

నీళ్లకు వెలిసిన సంచి ఒకటి విదిలించి చూపించింది. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇచ్చే సంచి. దాని మీద వధూవరుల పేర్లు సగం చెరిగిపోయినా, కింద కల్యాణ మండపం పేరు, పట్నం పేరు చదవడానికి వస్తున్నాయి.

నల్లప్ప చదివాడు. ఒడ్డు పొడుగునా చూశాడు. కనుచూపు మేర, అల వచ్చినప్పుడల్లా ఇసుక మీద ఇంకొన్ని చేరుతున్నాయి.

"అన్నం పెడతా, రా," అంది లక్ష్మీదేవి.

అతను రాలేదు. పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగాడు. చేతికందింది అందినట్టు ఏరి ఒడ్డుకు విసరడం మొదలుపెట్టాడు. ఆమె పిలిచినా వినిపించుకోలేదు.

ఆమె ఇంటికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. గంగక్క అని పేరు కనబడింది. లక్ష్మీదేవి ఎత్తింది.

"పొద్దన్నుంచీ చేస్తాండా, కలవలే," అంది అవతలి గొంతు. "తిప్పేషు దొరికినాడు. ఈడనే, రిజర్వాయరుకు పైన, కంపల్లో. ఊరోళ్లు తెచ్చినారు. ఇంగ వెతకద్దని చెప్పు."

లక్ష్మీదేవి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మా, మీ ఆయన నీళ్లలో ఉండాడు. తిండి తినడం లా, ఎవరి మాటా వినడం లా. కొడుకు పోయినాడని ఆ మనిషికి నేనెట్టా చెప్పేది? నువ్వే చెప్పు తల్లీ, ఫోనిస్తా."



"తిప్పేషు నాయన చచ్చిపోయి శానా ఏండ్లాయ," అంది గంగక్క.

"మరి ఈయన?"

"ఎవురో నాకు తెలీదు తల్లీ."