ఓనరావిడ పానా

"ఒక్క వాషరు! పది నిమిషాల పని! దానికి మళ్ళీ ఆవిణ్ణి పిలిచారా?"

చిజురు చేతిలోని రబ్బరు వాషరును భర్త ముఖం ముందు ఆడించింది. పొద్దున్నే బజారంతా వెతికి మరీ కొనుక్కొచ్చింది దాన్ని.

"ఇల్లు ఆవిడది, కుళాయి ఆవిడది. మనం విప్పి పాడుచేస్తే మాట ఎవరు పడతారు?" అన్నాడు నవోకి. ఇస్త్రీ చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు.

"స్నానాలగదిలో కుళాయి బాగుచేయించడానికి తల కూడా దువ్వుకోవాలా?"

నవోకి దువ్వెన కింద పెట్టేశాడు. సోఫాలో కూర్చున్న మామగారు చేతిలోని పుస్తకాన్ని ముఖానికి అడ్డంగా ఇంకాస్త పైకెత్తారు. కొడుకూ కోడలూ మాటామాటా అనుకుంటున్నప్పుడు ఆయన చేసే పని అదొక్కటే.

మూడు నెలలుగా ఇదే తంతు. మొదట ఫ్లష్ ట్యాంకు, తరవాత కిటికీ దోమతెర, మొన్న గీజరు. సొంతూరు కనజావాలో అయితే కంపెనీ మనిషి వచ్చేవాడు. చెప్పిన నిమిషానికి, ఉతికిన మేజోళ్ళతో. పని ముగించి, నడుం వంచి నమస్కరించి వెళ్ళిపోయేవాడు. ఈ పరాయి దేశపు తైచుంగ్‌లో పై అంతస్తు నుంచి ఓనరు లియావ్ స్వయంగా దిగి వస్తుంది. జీన్సు ప్యాంటు, భుజాన పనిముట్ల సంచి, చేతిలో పానా. భర్త పోయి ఎనిమిదేళ్ళట. వయసు యాభై ఎనిమిదట. నలభై ఐదని చెప్పినా ఎవరూ కాదనరు.

లియావ్ రానే వచ్చింది. జామకాయల సంచి చిజురు చేతిలో పెట్టి, నవ్వి, సరాసరి స్నానాలగదిలోకి నడిచింది. వెనకే నవోకి వెళ్ళాడు. టార్చి పట్టుకోవడానికని మామగారూ వెళ్ళారు.

చిజురు టీ పెట్టింది. ఒళ్ళు మండుతున్నా మంచి కప్పులే బయటికి తీసింది. ఇంటికొచ్చిన మనిషికి బీటలు పడ్డ కప్పులో టీ ఇవ్వడం ఆమెకు చేతకాదు. నీళ్ళు కాగుతుండగా లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"ఏమంటోంది?"

"పైపు పాతదట," అన్నాడు నవోకి.

"దానికంత నవ్వెందుకు?"

"మరీ పాతదట."

ఆ ఇంట్లో చైనీస్ వచ్చింది నవోకి ఒక్కడికే, ఆఫీసు పుణ్యమా అని. ఆమెకూ మామగారికీ కూరల బేరం దాటి రాదు. కానీ ఈసారి చిజురు వాషరుతో పాటు ఇంకో ఏర్పాటు కూడా చేసుకుంది. మాటల్ని జపనీస్‌లోకి మార్చే యాప్ ఒకటి ఫోన్లోకి ఎక్కించుకుంది. వంటింట్లోకి వెళ్తున్నట్టే వెళ్ళి, మళ్ళీ వచ్చి తలుపు వారగా నిలబడి ఫోను పట్టుకుంది.

నవోకి గొంతు సవరించుకున్నాడు. బడిలో పాఠం అప్పజెబుతున్నట్టు ఆగి ఆగి మాట్లాడాడు. తెర మీద అక్షరాలు పడ్డాయి.

"మీరు మెట్లు దిగే చప్పుడు వినపడిన రోజు నాకు మంచి రోజు. ఈ మాట అనే ధైర్యం వస్తుందని నేనే అనుకోలేదు."

ఆ తరవాత లియావ్ గొంతు. "ఈ ముక్క చెప్పడానికి మూడు నెలలు పట్టిందా?"

చిజురు తొంగి చూసింది. నవోకి చెవుల దాకా ఎర్రబడి నేల చూపులు చూస్తున్నాడు. లియావ్ పానా ఒళ్ళో పెట్టుకుని నవ్వుతోంది. మామగారు టార్చిని ఊరికే గోడకేసి పట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. కన్నతండ్రి ఎదుటే! ఆయనైనా ఒక్క మాట అంటేనా!

ఇరవై రెండేళ్ళ కాపురంలో నవోకి ఆమె వంట బాగుందని కూడా నోరు తెరిచి చెప్పలేదు. ఖాళీ గిన్నె ముందుకు జరిపేవాడు, అదే మెచ్చుకోలు. తమ వైపు మగవాళ్ళందరూ ఇంతేనని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. మాటలు లేక కాదన్నమాట. తనకోసం లేవు, అంతే.

వెళ్ళేముందు లియావ్ ఆమె చెయ్యి పట్టుకుని ప్రేమగా ఏదో అంది. చిజురు చెయ్యి లాక్కుంది.

సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. కాల్చిన చేప, మిసో సూపు. చిజురు తన గిన్నె ముట్టుకోలేదు.

"శనివారం విమానానికి టికెట్ తీసుకున్నాను. కనజావా వెళ్ళిపోతున్నాను. ఆవిడ ఇంట్లో ఇక ఉండను."

నవోకి చేతిలో భోంచేసే పుల్లలు గాల్లోనే ఆగిపోయాయి. "ఏమైంది నీకు?"

ఆమె ఫోను తీసి అతని పళ్ళెం పక్కన పెట్టింది. "చదవండి. మీ నోటి మాటలే. నాకెప్పుడూ దొరకనివి."

చదివాడు. మళ్ళీ చెవులు ఎర్రబడ్డాయి. "చిజురూ, ఇది నువ్వనుకున్నట్టు కాదు."

"మరెట్లాగో చెప్పండి!"

"చెప్పలేను. మాటిచ్చాను."

"ఎవరికి? ఆవిడకా?"

అప్పుడు మామగారు పుల్లలు పక్కన పెట్టి, వీపు నిటారుగా చేసుకుని కూర్చున్నారు.

"నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదమ్మా. వచ్చే నెల పై అంతస్తుకి, లియావ్ దగ్గరికి, నేనే వెళ్ళిపోతున్నాను. మాటలన్నీ నావే, చైనీస్ ఒక్కటే వీడిది."